తడోబా: ఫొటోలు, గేట్లు, లెన్సులు, ఎండ (వేసవికి వెళ్లేవాళ్లు ఇక్కడ రాయండి)

అడవిబాట · ఏప్రిల్ 4, రాత్రి 9:10

మార్చి చివర్లో తడోబా వెళ్లొచ్చాను. నాలుగు ఫొటోలు పెడుతున్నా. మీ దగ్గరున్నవి కూడా ఈ థ్రెడ్‌లోనే పెట్టండి. వేసవి సెలవులకు వెళ్లేవాళ్ల ప్రశ్నలు వేరే వేరే చోట్ల కాకుండా ఇక్కడే ఉంటే అందరికీ పనికొస్తాయి.

ఫొటో 1: రేచుకుక్కలు. కొలారా గేటు లోపల, ఉదయం ఏడు దాటాక. గుంపంతా నీటిగుంటలో దిగింది. ముందున్న దాని మూతి తడిసి మెరుస్తోంది, వెనకున్నది దాని తోక పట్టుకుని లాగుతోంది. 400 ఎంఎం లెన్సు, అపర్చర్ ఎఫ్ 5.6, షట్టర్ 1/1600 సెకను, ఐఎస్‌ఓ 1250.

ఫొటో 2: తపసి చెట్టు. ఆకంతా రాలిపోయి తెల్లటి బోదె ఒక్కటే నిలబడి ఉంది. సాయంత్రం ఎండకు గులాబీ రంగు తిరిగింది. కొమ్మ మీద కొండముచ్చు తల్లి, పిల్ల. ఇది 70 ఎంఎంతో తీసింది, పెద్ద లెన్సు అక్కర్లేదు.

ఫొటో 3: దుమ్ములో అడవిదున్నల మంద.

ఫొటో 4: పులి. అంటే పులి నడుము, తోక. మిగతాది అప్పటికే వెదుర్లోకి వెళ్లిపోయింది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

తెలియనివాళ్ల కోసం: తడోబా మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉంది. 1955లో నేషనల్ పార్కు అయింది. పక్కనున్న అంధారి అభయారణ్యం 1986లో వచ్చింది. రెండూ కలిసి ఇప్పుడు ఒకే టైగర్ రిజర్వు. కోర్ (లోపలి రక్షిత అడవి) సుమారు 625 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ బఫర్ (ఊళ్లు కూడా ఉండే బయటి అడవి) ఇంకో 1,100 పైచిలుకు. టేకు, వెదురు, మద్ది, తునికి, ఇప్ప. మన ఆదిలాబాద్ అడవే సరిహద్దు దాటి కొనసాగినట్టు ఉంటుంది. లోపల చెరువు గట్టున తారు అనే గోండుల దేవుడి గుడి ఉంది. పులితో పోరాడి చనిపోయిన ఊరిపెద్దే దేవుడయ్యాడని చెబుతారు. అడవి పేరు కూడా ఆయన మీదే.

సిరిసిల్ల శ్రీను · ఏప్రిల్ 4, రాత్రి 10:42

అన్నా, ఫొటోలు సూపర్. నాలుగోది కూడా. మే మూడో వారంలో మేము వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (తొమ్మిదేళ్లు, ఆరేళ్లు). నా దగ్గర నికాన్ క్రాప్ బాడీ, 70-300 లెన్సు ఉన్నాయి. సరిపోతుందా? 200-500 అద్దెకు తీసుకోమని ఒక ఫ్రెండు అంటున్నాడు. ఏ గేటు నుంచి వెళ్లాలి? ఎన్ని సఫారీలు పెట్టుకోవాలి? పిల్లలతో మే నెల అంటే ఇంట్లో కొంచెం టెన్షన్ పడుతున్నారు.

లెన్స్‌మామ · ఏప్రిల్ 5, ఉదయం 6:55

శ్రీనూ, లెన్సు సంగతి నేను చెబుతా, గేట్ల సంగతి గిరి చెబుతాడు.

క్రాప్ బాడీ (చిన్న సెన్సరు కెమెరా) మీద 300 అంటే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) లెక్కలో 450 ఎంఎం కోణం. తడోబాకి అది చాలు. ఇక్కడ పులి చాలాసార్లు జీపు బాట మీదే నడుస్తుంది. బాట పక్క నీటిగుంటలో కూర్చుంటుంది. 600తో వెళ్లినవాళ్లు "చెవులు కట్ అయ్యాయి" అని ఏడవడం నేను చూశాను. పక్షులు కావాలంటే మాత్రం 500 కావాలి. అద్దెకు తెస్తే వారం ముందే తీసుకుని ఇంటి దగ్గర కాకుల మీద, కుక్కల మీద ప్రాక్టీసు చెయ్. పులి ఎదురొచ్చినప్పుడు జూమ్ రింగు ఎటు తిప్పాలో వెతుక్కోకూడదు.

ట్రైపాడ్ ఇంట్లో పెట్టు. జిప్సీలో (పైన తెరిచి ఉండే సఫారీ జీపు) కాళ్లు పెట్టుకోవడానికే చోటుండదు. బీన్ బ్యాగ్ (లెన్సు ఆనించే సంచి) ఖాళీది తీసుకెళ్లు. చంద్రపూర్‌లో రెండు కిలోల బియ్యం కొని నింపు, జిప్సీ కడ్డీ మీద వెయ్. తిరిగొచ్చేటప్పుడు ఆ బియ్యం రిసార్టు వంటింట్లో ఇచ్చేయొచ్చు.

సెట్టింగులు: నేనైతే మాన్యువల్‌లో షట్టర్ (ఎంతసేపు తెరుచుకోవాలి), అపర్చర్ (ఎంత వెడల్పు తెరుచుకోవాలి) పెట్టి ఐఎస్‌ఓ (వెలుతురును ఎంత పెంచి చూపాలి) ఆటోలో వదిలేస్తా. నడిచే జంతువుకు 1/1000, పరుగెత్తేదానికి 1/2000, కూర్చున్నదానికి 1/320 చాలు. గేటు తెరిచిన మొదటి అరగంటలో చెట్ల కింద వెలుతురు అంతంతమాత్రం. అక్కడ ఐఎస్‌ఓ 6400కి పోయినా భయపడకు. గింజలు గింజలుగా ఉన్న ఫొటోను తర్వాత కంప్యూటర్‌లో శుభ్రం చెయ్యొచ్చు. కదిలిపోయిన ఫొటోను ఎవరూ బాగుచెయ్యలేరు. రా ఫార్మాట్‌లో (కెమెరా మార్చని అసలు ఫైలు) తియ్.

ఇంకో ముఖ్యమైన సంగతి. మేలో ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాక నేల కాగి వేడిగాలి లేస్తుంది. అప్పుడు దూరంగా ఉన్నది ఏ లెన్సుతో తీసినా నీళ్లలో ముంచి తీసినట్టు అలలు అలలుగా వస్తుంది. లక్షల లెన్సుకీ అదే గతి. లెన్సు పాడైందని కంగారుపడకు. దగ్గరున్నవి తియ్, లేదా కెమెరా పక్కన పెట్టి కళ్లతో చూడు.

దుమ్ము కూడా బాగా ఉంటుంది. బండిలో లెన్సు మార్చొద్దు. మెత్తటి తుండు ఒకటి ఎప్పుడూ కెమెరా మీద కప్పి ఉంచు.

గోదావరిఖని గిరి · ఏప్రిల్ 5, ఉదయం 8:20

మామ నాకు డ్యూటీ వేశాడు కాబట్టి రాస్తున్నా.

రైలు: సికింద్రాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే వందే భారత్ మధ్యాహ్నం బయలుదేరుతుంది. కాజీపేట, రామగుండం, బల్లార్షా మీదుగా సాయంత్రానికి చంద్రపూర్‌లో దింపుతుంది. ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు చాలావరకు బల్లార్షాలో ఆగుతాయి. అక్కడి నుంచి చంద్రపూర్ పక్కనే. పిల్లలతో వెళ్తున్నావు కాబట్టి నా ఓటు రైలుకే.

రోడ్డు: మా వైపు నుంచైతే మంచిర్యాల, ఆసిఫాబాద్, రాజురా, బల్లార్షా, చంద్రపూర్. హైదరాబాద్ నుంచి 44వ నంబరు హైవే మీద ఆదిలాబాద్ దాకా వెళ్లి అక్కడి నుంచి తిరిగేవాళ్లు కూడా ఉన్నారు. ఏ దారైనా తెల్లవారుజామునే బయలుదేరండి. చంద్రపూర్ చుట్టూ బొగ్గు గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. లారీలు ఎక్కువ.

గేటు: ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కోర్‌లోకి ఆరు గేట్లు: మొహర్లీ, ఖుట్వండా, కొలారా, నవేగావ్, పాంగ్డీ, జరీ. చంద్రపూర్ నుంచి వచ్చేవాళ్లకు మొహర్లీ దగ్గర. కొలారా, నవేగావ్ చిమూర్ వైపు ఉన్నాయి, నాగపూర్ నుంచి వచ్చేవాళ్లకు అనుకూలం. మొహర్లీలో గది తీసుకుని కొలారాలో సఫారీ బుక్ చేశావనుకో, బయటి నుంచి అడవిని చుట్టి రావాలి. తెల్లారేసరికి గేటు దగ్గర ఉండాలంటే అర్ధరాత్రి నిద్ర లేవాలి. కాబట్టి ముందు సఫారీ దొరికిన గేటు చూసుకో, తర్వాత ఆ గేటు దగ్గర గది వెతుక్కో. గది ముందు బుక్ చేసి తర్వాత గేటు కోసం తిప్పలు పడొద్దు.

బుకింగ్ మహారాష్ట్ర అటవీశాఖ అధికారిక సైట్‌లోనే చెయ్. మే శని, ఆదివారాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. వారం మధ్యలో చూడు. ఏ గుర్తింపు కార్డుతో బుక్ చేస్తే దాని ఒరిజినలే చేతిలో ఉండాలి, జిరాక్సు కాదు. మంగళవారం కోర్ మూత. కోర్‌లోకి సెల్‌ఫోన్ రానివ్వరు.

నలుగురికి ఒక జిప్సీ. రెండు కోర్, ఒక బఫర్ పెట్టుకో. అంతకంటే ఎక్కువైతే పిల్లలు అలిసిపోతారు.

షట్టర్‌రాజు · ఏప్రిల్ 5, మధ్యాహ్నం 1:05

బఫర్ ఎందుకు అన్నా? డబ్బు దండగ. అసలు పులులన్నీ కోర్‌లోనే కదా.

గోదావరిఖని గిరి · ఏప్రిల్ 5, మధ్యాహ్నం 1:31

పులికి మన గేట్ల మ్యాపు ఎవరిచ్చారు రాజూ? ఆగర్‌జరీ, జునోనా, అలిజంజా, మద్నాపూర్ బఫర్ గేట్లలో పులిని చూసినవాళ్లు ఈ ఫోరంలోనే బోలెడుమంది ఉన్నారు. నీళ్లు ఉన్నచోట, జింక ఉన్నచోట అది ఉంటుంది. మామూలుగా బఫర్‌లో బండ్లు కూడా తక్కువ.

పాలపిట్ట · ఏప్రిల్ 5, సాయంత్రం 6:48

పులి, పులి, పులి. ఇంత చెప్పుకున్నాం, పక్షుల మాటే రాలేదు. అందుకే నా వంతు.

ఫొటో 1: గ్రే-హెడెడ్ ఫిష్ ఈగల్. చెరువులో ఎండిన మోడు మీద. కాళ్ల కింద చేప ఇంకా తోక ఆడిస్తోంది.

ఫొటో 2: ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ మగపక్షి, తెల్లది. నీటిగుంటలో మునిగి లేచే క్షణం. తోక రిబ్బను నీటి మీద సున్నా చుట్టింది. 1/3200 పెట్టినా రెక్క చివర కొంచెం కదిలింది, నాకు అదే నచ్చింది.

శ్రీను గారూ, మీరు వెళ్లే సమయానికి ఇండియన్ పిట్టాలు రావడం మొదలవుతుంది. హిందీవాళ్లు నవరంగ్ అంటారు. పొద్దున్నే రెండు స్వరాల ఈల వినిపిస్తే బండి ఆపించండి, నేల మీద ఎండుటాకుల మధ్య చూడండి. మీ ఆరేళ్ల పాపకో బాబుకో పులి కంటే అది ఎక్కువ గుర్తుంటుందని నా పందెం.

ఒకటే విన్నపం. ఫోన్‌లోనో స్పీకర్‌లోనో పక్షి కూత వినిపించి దాన్ని బయటికి రప్పించి ఫొటో తీయొద్దు. అది గూడు కట్టే కాలం. తన హద్దులోకి ఇంకో మగపక్షి వచ్చిందనుకుని గూడు, పిల్లలను వదిలి కొట్లాటకు వస్తుంది. బఫర్‌లో, రిసార్టుల చుట్టుపక్కల ఇది చేసేవాళ్లను చూసి ఒళ్లు మండుతోంది.

షట్టర్‌రాజు · ఏప్రిల్ 5, రాత్రి 9:15

మేడం, పక్షులు మా ఊరి చెరువు దగ్గరే ఉన్నాయి. అన్ని వేలు పోసి అంత దూరం వెళ్లేది పులి కోసమే, ఒప్పుకుందాం. శ్రీను అన్నకి నా సలహా: డ్రైవర్ మంచివాడైతేనే పని అవుతుంది. ముందే ఒక ఐదొందలు చేతిలో పెట్టు. పులి ఎక్కడుందో వాళ్లకి తెలుసు. ముందుకు పోనిచ్చి అడ్డంగా పెడతాడు. ఎదురు మొహం ఫ్రేమ్ నిండా వస్తుంది. నా ప్రొఫైల్ ఫొటో అలా వచ్చిందే.

అడవిబాట · ఏప్రిల్ 5, రాత్రి 10:02

రాజూ, నీ ఫొటో బాగుంటుంది. కానీ ఈ సలహాను ఇక్కడ ఎవరూ పాటించొద్దు. ఎందుకో చెబుతా.

2024 డిసెంబరు 31న అదే విదర్భలో (తూర్పు మహారాష్ట్ర) ఉమ్రేడ్-కర్‌హాండ్లా అభయారణ్యంలో ఒక ఆడపులి, దాని ఐదు కూనలు బాట దాటుతుంటే జిప్సీలు రెండు వైపులా అడ్డం పెట్టాయి. వీడియో బయటికొచ్చింది. గైడ్లు, డ్రైవర్ల మీద వేటు పడింది. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ ఎవరూ అడగకుండానే కేసు చేపట్టింది. మనం ఇచ్చిన ఐదొందలకు ఆశపడిన డ్రైవర్ నెలల తరబడి పని పోగొట్టుకుంటాడు. మనం మాత్రం ఫొటో పట్టుకుని ఇంటికొస్తాం.

జాతీయ పులుల సంరక్షణ అథారిటీ మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: జంతువుకు కనీసం 20 మీటర్ల దూరం, ఒకచోట 15 నిమిషాలకు మించి ఉండకూడదు. డ్రైవర్‌కి టిప్పు ఇవ్వాలంటే సఫారీ అయ్యాక ఇవ్వు, పులి కనిపించని రోజు కూడా ఇవ్వు. ముందే ఇచ్చేదానికి వేరే పేరుంది.

ఇక ఫొటో సంగతి. బండి అడ్డం పెట్టిన పులి మొహంలో చెవులు వెనక్కి వాలి ఉంటాయి, నోరు సగం తెరిచి ఉంటుంది. తెలిసినవాళ్లకు ఫొటో చూడగానే తెలిసిపోతుంది.

షట్టర్‌రాజు · ఏప్రిల్ 5, రాత్రి 10:20

సరే గురూ, క్లాసు అయిపోయిందా. మరి అడ్డం పెట్టకుండా ఎలా దొరుకుతుందో అది కూడా నువ్వే చెప్పు.

అడవిబాట · ఏప్రిల్ 6, ఉదయం 7:30

అడిగావు కాబట్టి చెబుతా. పొడుగ్గా ఉంటుంది, కాఫీ పెట్టుకుని చదువు.

మేలో తిరగడం కంటే కూర్చోవడం లాభం. మొహర్లీ, పాంఢర్‌పౌని, తెలియా చెరువు వైపు అప్పటికి నీరు మిగిలే చోట్లు కొన్నే. పులికి ఎండ అసలు పడదు. కాబట్టి ఒక నీటిగుంట దగ్గర ఇంజను ఆపేసి ఉండమని డ్రైవర్‌ని అడుగు. మిగతా బండ్లు వస్తాయి, ఐదు నిమిషాలు చూస్తాయి, దుమ్ము రేపుకుంటూ పోతాయి. నువ్వు ఉండు.

మొదట జింకలు వస్తాయి. చుక్కల జింక నీళ్ల అంచుకు వచ్చి కూడా తాగదు. తల దించుతుంది, ఎత్తుతుంది, ముందరి కాలితో నేల తడుతుంది. ఒకటి తాగాక మిగతావి ధైర్యం చేస్తాయి. ఇంతలో చెట్టు మీది కొండముచ్చు దగ్గినట్టు అరిస్తే నువ్వు దాన్ని చూడకు, అది ఎటు చూస్తోందో అటు చూడు. చుక్కల జింక అరుపును పూర్తిగా నమ్మొద్దు. రేచుకుక్కకీ అరుస్తుంది, చిరుతకీ అరుస్తుంది, ఒక్కోసారి ఊరికే అరుస్తుంది. కణుజు అరిచిందంటే మాత్రం కెమెరా ఆన్ చెయ్. అది తోక నిటారుగా లేపి, బరువైన గొంతుతో ఒకటే అరుపు అరుస్తుంది. మళ్లీ అరిచిందంటే పులో చిరుతో నడుస్తోందన్నమాట.

పులి వచ్చాక దాని తీరు చూడు. నీళ్ల దగ్గరికి వచ్చి వెనక్కి తిరుగుతుంది. వెనక కాళ్లు ముందు నీళ్లలో పెట్టి, మెల్లగా వెనక్కి జరిగి, నడుము దాకా దిగి కూర్చుంటుంది. మొహం మాత్రం మన వైపే. మొహం మీద నీళ్లు పడటం దానికి ఇష్టముండదని గైడ్లు చెబుతారు. కారణం ఏదైనా, ఎదురు మొహం అదే ఇస్తుంది. అడ్డం పెట్టాల్సిన పని లేదు.

అక్కడ కూడా మొదటి నిమిషంలో వందల ఫొటోలు నొక్కకు. దానికి నీళ్లలో ఎంతసేపైనా ఉండే ఓపిక ఉంది. నాలుక బయటపెట్టినప్పుడు, ఈగను తోలినప్పుడు, కళ్లు మూసి తెరిచినప్పుడు తియ్.

లెన్స్‌మామ · ఏప్రిల్ 6, ఉదయం 8:01

దీనికి ఒక తోక: నీళ్లలో కూర్చున్న పులి మీద చెట్ల నీడ సగం, ఎండ సగం పడుతుంది. కెమెరా నీడ లెక్క చూసుకుంటే ఎండ పడిన బుగ్గ తెల్లగా కాలిపోతుంది. ఎండ పడిన భాగానికి ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుతురు) పెట్టు. నీడను తర్వాత పైకి లేపొచ్చు, కాలిన తెలుపును దించలేం.

కొత్త కెమెరా · ఏప్రిల్ 6, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. ఫిబ్రవరిలో మొహర్లీ వైపు తీసిన అడవిదున్న ఫొటో పెడుతున్నా. మోదుగలు పూసి ఉన్నాయి. దున్న ఒళ్లు బూడిద రంగులో పేలవంగా వచ్చింది, మోదుగపూలు ఎర్రగా కాకుండా వెలిసిపోయాయి. ఎక్కడ తేడా కొట్టింది?

లెన్స్‌మామ · ఏప్రిల్ 6, రాత్రి 9:26

తమ్ముడూ, ఫ్రేమ్ బాగా ఎంచుకున్నావు, ముందు అది చెప్పాలి. నల్లటి దున్న వెనక మోదుగ పెట్టాలని చాలామందికి తోచదు.

తేడా ఎక్కడంటే, ఫ్రేమ్‌లో సగం పైగా నలుపే ఉంది. "చీకటిగా ఉంది పాపం" అని కెమెరా వెలుతురు పెంచేసింది. అందుకే నలుపు బూడిద అయింది, ఎరుపు వెలిసింది. దున్న, ఎలుగుబంటి లాంటి నల్ల జంతువులకు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుతురును మనం పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా దించు. దున్నకు నాలుగు కాళ్లకూ తెల్ల మేజోళ్లు ఉంటాయి కదా, ఆ తెలుపు కాలకుండా ఉందా లేదా స్క్రీన్ మీద చూసుకో. అదే నీ కొలత.

రెండోది, కింది అంచు దగ్గర గిట్టలు కోసేశావు. ఆ మేజోళ్లే దున్నకు అందం. పైన ఆకాశం అంత అక్కర్లేదు, కొంచెం కిందికి దించి ఉంటే సరిపోయేది. రా ఫైలు ఉంటే ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) దించి మళ్లీ పెట్టు, చూద్దాం.

కొత్త కెమెరా · ఏప్రిల్ 6, రాత్రి 10:15

దించి పెట్టాను సార్. పూలు నిప్పు రంగులోకి వచ్చాయి! ఒంటి మీద కండలు కూడా కనిపిస్తున్నాయి. చాలా థ్యాంక్స్.

మోదుగపూలు · ఏప్రిల్ 7, ఉదయం 11:12

శ్రీను గారూ, పిల్లల గురించి ఎవరూ సరిగా చెప్పలేదు. మా పిల్లలతో మేలో వెళ్లినదాన్ని, నేను చెబుతా.

చంద్రపూర్ అంటే దేశంలో బాగా మండే ఊళ్లలో ఒకటి. మేలో 45, 46 మామూలు. కాబట్టి పిల్లలకు ఉదయం సఫారీలే పెట్టండి. మధ్యాహ్నం సఫారీ మొదటి గంట కొలిమిలో కూర్చున్నట్టే. పెద్దవాళ్లు కావాలంటే ఒకరు పిల్లలతో గదిలో ఉండి ఇంకొకరు వెళ్లండి.

తెల్లవారుజామున బండిలో గాలి చల్లగా తగులుతుంది, తొమ్మిదికి ఒళ్లు కాలుతుంది. పొడుగు చేతుల నూలు చొక్కాలు, మొహానికి చుట్టుకోవడానికి దస్తీ తడిపి ఇవ్వండి. దుమ్ముకు కళ్లద్దాలు. మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఫ్లాస్కులో. ఎర్రటి, పసుపు బట్టలు వద్దు. బండి దిగనివ్వరు, దిగేందుకు లోపల కేటాయించిన చోట్లు కొన్నే ఉంటాయి. కాబట్టి గేటు దగ్గరే పిల్లలను బాత్రూమ్‌కి తీసుకెళ్లండి. ఆ ఒక్క పని మరిచిపోతే సఫారీ అంతా అదే గొడవ.

ఫోన్లు లోపలికి రావు కాబట్టి పిల్లలు గంటల తరబడి ఫోన్ అడగరు. ఈ ఒక్కదానికే టికెట్ డబ్బు గిట్టుబాటు. మా వాడికి చిన్న నోటు పుస్తకం ఇచ్చాం, కనిపించినవన్నీ బొమ్మలు వేశాడు. వాటిలో నెమలి, పేడపురుగు బాగా వచ్చాయి.

న్యూజెర్సీ నాని · ఏప్రిల్ 7, రాత్రి 11:50

ఇక్కడి నుంచి చదువుతుంటే ప్రాణం లేచొస్తోంది. గత వేసవిలో ఇక్కడి ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్లాం. లమార్ లోయలో తెల్లవారుజామున తోడేళ్ల ఫొటో పెడుతున్నా. చుక్కల్లా ఉన్నాయి కదా? అదే అక్కడి పద్ధతి. తోడేలుకు, ఎలుగుబంటికి 100 గజాలు, బైసన్ (అమెరికా అడవిదున్న) లాంటి మిగతా వాటికి 25 గజాలు దూరం తప్పనిసరి. రోడ్డు పక్కన అందరూ స్పాటింగ్ స్కోపులు (చిన్న దూరదర్శినులు) పెట్టుకుని నిలబడతారు, తెలియనివాళ్లను పిలిచి మరీ చూపిస్తారు. అక్కడి తోడేళ్లు ఒకప్పుడు పూర్తిగా పోయినవే. 1995లో కెనడా నుంచి తెచ్చి వదిలారు.

సొంత కారులో తిరగొచ్చు, అదొక్కటే ఇండియా కంటే సుఖం. కానీ పొద్దున్నే బైసన్ మంద రోడ్డెక్కిందంటే గంట అక్కడే.

డిసెంబరులో ఇంటికొస్తున్నా. తడోబా అప్పుడు ఎలా ఉంటుంది?

అడవిబాట · ఏప్రిల్ 8, ఉదయం 7:05

నాని గారూ, డిసెంబరు ఫొటోలకు అందం, పులికి కష్టం. గడ్డి ఎత్తుగా ఉంటుంది, నీళ్లు అన్నిచోట్లా ఉంటాయి కాబట్టి జంతువులు చెదిరిపోతాయి. కానీ చెరువు మీద పొగమంచు, వెదురు సందుల్లోంచి వాలుగా పడే ఎండ మేలో రావు. తెరిచిన జిప్సీలో చలి కోసేస్తుంది, చేతి తొడుగులు మరవొద్దు. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా మాత్రం వద్దు, జాతరలా ఉంటుంది. జులై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కోర్ మూత, కొన్ని బఫర్ గేట్లు మాత్రం నడుస్తాయి.

మాయ అభిమాని · ఏప్రిల్ 8, మధ్యాహ్నం 3:33

పాత హార్డ్ డిస్క్‌లో దొరికింది. మాయ అనే ఆడపులి (నంబరు టీ-12), పాంఢర్‌పౌని దగ్గర కూనలతో. తడోబా అంటే నాకు ఈ పులే. 2023 ఆగస్టు తర్వాత కనిపించలేదు. ఆ ఏడాది చివర్లో దొరికిన అవశేషాలు దానివేనని డీఎన్ఏ పరీక్షలో తేలింది. ఫొటో సాంకేతికంగా గొప్పది కాదు. అప్పట్లో 55-250 కిట్ లెన్సు ఒక్కటే ఉండేది.

పాలపిట్ట · ఏప్రిల్ 8, సాయంత్రం 5:10

ఫొటో బాగుంది. కూన తల్లి తోకను చూసే చూపు బాగా దొరికింది. ఒక మాట కలుపుతా, తప్పుగా అనుకోకండి. 2021 నవంబరులో పులుల లెక్క కోసం అడవిలో కాలినడకన వెళ్తున్న మహిళా ఫారెస్టు గార్డు మాయ దాడిలోనే చనిపోయారు. మనం పులులకు పేర్లు పెట్టుకుని సినిమా హీరోయిన్లలా చూస్తాం. ఆ అడవిని కాలినడకన కాపాడేవాళ్ల ఫొటో మాత్రం ఇక్కడ ఒక్కటీ లేదు.

కాగజ్‌నగర్ కుర్రోడు · ఏప్రిల్ 8, రాత్రి 9:48

పాలపిట్ట మేడం చెప్పినదానికి మా వైపు నుంచి ఇంకొంచెం.

తడోబాలో జాగా చాలక బయటికొచ్చే పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి మా అడవుల్లోకి వస్తాయి. ఫల్గుణ అనే ఆడపులి అలా వచ్చి మా కాగజ్‌నగర్ డివిజన్‌లోనే కూనలను పెట్టింది. మన కవ్వాల్ టైగర్ రిజర్వుకు పులి వచ్చే దారి ఇదే. కానీ ఇక్కడ జిప్సీలు లేవు, గేట్లు లేవు, పత్తి చేలు ఉన్నాయి. 2024 జనవరిలో మా డివిజన్‌లో విషం కలిపిన పశువు కళేబరం తిని పులులు చచ్చిపోయాయి. అదే ఏడాది నవంబరులో చేనులో పత్తి ఏరుతున్న అమ్మాయిని పులి చంపింది. రెండు వైపులా నష్టమే.

నేను అడిగేది ఒకటే. మా వైపు పులి జాడ, కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే దానంతటదే తీసే కెమెరా) ఫొటో, అడుగు ఏది దొరికినా ఊరి పేరుతో, లొకేషన్‌తో పోస్టు చెయ్యొద్దు. పెట్టిన పూటే కార్లలో జనం దిగుతారు. వేటగాళ్లు కూడా అవే గ్రూపులు చూస్తారు. పులిని చంపడానికి కరెంటు తీగ పెట్టేవాడికి మనమే అడ్రస్ ఇచ్చినట్టు. తడోబా లోపలి ఫొటోలకు కూడా "కోర్, ఉదయం" అని రాస్తే చాలు.

అడవిబాట · ఏప్రిల్ 8, రాత్రి 10:05

ఈ పోస్టును పైన పిన్ చేస్తున్నా. ఇకపై ఈ థ్రెడ్‌లో బఫర్, కారిడార్ (పులులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి వెళ్లే దారి) ఫొటోలకు ఊరి పేరు రాస్తే తీసేస్తాను.

నల్లమల మల్లి · ఏప్రిల్ 9, ఉదయం 6:40

అందరూ పైకే (ఉత్తరానికే) పోతున్నారు, కిందికి నల్లమల వైపు కూడా చూడండి. నాగార్జునసాగర్-శ్రీశైలం దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు. కృష్ణకు ఇవతలి ఒడ్డున, తెలంగాణ వైపు, ఆమ్రాబాద్ టైగర్ రిజర్వు. ఫర్హాబాద్ వ్యూ పాయింటు నుంచి తెల్లవారుజామున తీసిన లోయ ఫొటో పెడుతున్నా. ఐదు పొరలుగా కొండలు, మధ్యలో మబ్బు. 24 ఎంఎం, అంతే.

పులి కనిపిస్తుందని నేను మాటివ్వను. కొండలు, లోయలు, దట్టమైన అడవి. అడుగులు మాత్రం చూస్తారు. బైర్లూటి, తుమ్మలబైలు, మన్ననూరు వైపు సఫారీలు ఉన్నాయి. అడవిని కాపలా కాసేవాళ్లలో, దారి చూపేవాళ్లలో చెంచులు చాలామంది. వాళ్లతో కూర్చుని మాట్లాడితే తేనె పట్టు ఎక్కడుందో ఈగ పోయే దారి చూసి ఎలా చెబుతారో తెలుస్తుంది. వాళ్ల ఫొటో తియ్యాలంటే ముందు అడగండి. గుడిసెలోకి లెన్సు పెట్టి లాగొద్దు.

షట్టర్‌రాజు · ఏప్రిల్ 9, ఉదయం 9:22

లోయ ఫొటో అదిరింది మల్లన్నా. జూన్‌లో వస్తా, వైడ్ లెన్సు కొనాలేమో.

నల్లమల మల్లి · ఏప్రిల్ 9, ఉదయం 9:50

కొనకు తమ్ముడూ, కిట్ లెన్సు 18 ఎంఎం చాలు. వర్షాకాలం మూడు నెలలు సఫారీలు ఆపేస్తారు. జూన్ అయితే మొదటి వారాల్లోనే రా, వచ్చే ముందు కనుక్కో.

సిరిసిల్ల శ్రీను · ఏప్రిల్ 10, రాత్రి 8:30

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. మొహర్లీలో బుధవారం, గురువారం ఉదయం కోర్ దొరికింది. గురువారం సాయంత్రం జునోనా బఫర్, అది నేనొక్కణ్నే. లెన్సు అద్దెకు తీసుకోవట్లేదు. కానీ రైలు టికెట్లు సోమవారం మధ్యాహ్నానికే దొరికాయి, మంగళవారం అంతా ఖాళీ. ఏం చెయ్యాలి?

గోదావరిఖని గిరి · ఏప్రిల్ 10, రాత్రి 9:04

మంగళవారం చంద్రపూర్‌లో ఉండు. గోండు రాజుల కోట గోడలు, దర్వాజాలు ఊరి మధ్యలోనే ఉన్నాయి. మహాకాళి గుడి ఉంది, మన ఆదిలాబాద్ వైపు నుంచి చైత్రంలో జాతరకు బండ్లు కట్టుకుని వెళ్లేవాళ్లు. పొద్దున ఎనిమిదిలోపు చూసేసి ఏసీ గదిలోకి వచ్చెయ్యండి. సాయంత్రం ఎండ తగ్గాక మొహర్లీ వెళ్తే సరిపోతుంది. దారిలో ఇరాయ్ డ్యామ్ నీళ్లు కనిపిస్తాయి. బియ్యం మాత్రం చంద్రపూర్‌లోనే కొను, మొహర్లీలో దుకాణాలు తక్కువ.

మోదుగపూలు · ఏప్రిల్ 10, రాత్రి 9:40

దర్వాజాల దగ్గర పిల్లలకు ఏనుగు మీద నిలబడిన సింహం బొమ్మ చూపించండి, గోండు రాజుల గుర్తు అది. మజ్జిగ ప్యాకెట్లు కూడా ఊళ్లోనే కొనేసి ఐసుపెట్టెలో వేసుకోండి.